టైపింగ్ సెంటరులో నూనె సీసా

షార్జా, రోల్లా పార్కు వెనక సందు.
మగ్రిబ్ అజాన్ అయ్యాకే మా కొట్టుకి రద్దీ.
అద్దానికి ఇవతల నేను, అవతల ఎవరో ఒకరు:
వీసా కాగితం, కిరాయి కాగితం, పోయిన పాస్‌పోర్టు కాగితం.
అరబ్బీ కుడి నుంచి, ఇంగ్లీషు ఎడమ నుంచి,
నడుమ తెలుగు, మరిచిపోయిన టీలా చల్లారుతుంటుంది.

ఆ రోజు గంగామణి వచ్చింది. మెట్‌పల్లి మనిషి.
సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.
మందారం, మెంతులు, గుంటగలగరాకు, కొబ్బరినూనె.
"ఫోన్ల అమ్ముతున్న తమ్మీ. నెలకు నలభై సీసాలు పోతున్నయి.
లైసెన్సు లేకుంటే జుర్మానా అని ఎవడో బెదిరిచ్చిండు.
ఏం రాయాల్నో రాయి."

సీసా తిప్పి చూశాను.
చీటీ మీద: ముప్పై రోజుల్లో మోకాళ్ళ దాకా జుట్టు.
అక్కా, ముప్పై ఒకటో రోజు ఒక బట్టతల వచ్చి నిలబడితే?
నవ్వింది. "మోకాళ్ళ దాక ఎవలికి పెరుగుతది, ఊకె రాసిన."
ఊకె రాసిందాన్నే ముందు పట్టుకుంటారు. కొట్టేశాను.

ఫొటోలో పొడుగు జడ పిల్ల ఎవరు?
"ఏమో, ఫోన్ల దొరికింది."
దొరికిన జడకీ ఒక తల ఉంటుందక్కా,
ఆ తలకి ఒక వకీలు ఉండొచ్చు.
తన జడే ముందుకు వేసుకుంది, తెల్లవెంట్రుకలతో సహా.
"గిది తియ్యి."
తీశాను.

పేరు దగ్గర అరగంట పట్టింది.
పెద్ద కంపెనీ పేరులో ఒక్క అక్షరం మార్చి పెట్టుకుంది, కలిసొస్తదని.
ఆ కలిసిరావడాన్నే వాళ్ళు దొంగతనం అంటారు.
చివరికి వాళ్ళమ్మ పేరు: పోసవ్వ నూనె.
అరబ్బీలో ప లేదు. బోసవ్వ అని కొట్టాను.
ఇద్దరం ఆ బోసవ్వను కాసేపు చూస్తూ కూర్చున్నాం,
ఎవరో కొత్త చుట్టం గడపలో నిలబడ్డట్టు.

వ్యాపార స్థలం అని అడిగింది ఫారం.
నలుగురు ఆడవాళ్ళ గదిలో పైమంచం ఆమెది.
పొయ్యి వంతులవారీ, శుక్రవారం పొద్దున ఆమె వంతు.
ఏ అధికారి ఆ నిచ్చెనెక్కి చూస్తాడు?
గడి ఖాళీగా వదిలాను. అడిగి చెప్తానన్నాను.

తర్వాత వాపసు షరతు.
అలవాటుగా కొట్టాను: పద్నాలుగు రోజుల్లోపు,
సీలు తెగకుండా ఉంటేనే.
వేళ్ళు ఆగాయి.

జగిత్యాల ఏజెంటు నన్ను ఇక్కడికి అమ్మినప్పుడు
చీటీ మీది పని వేరు, సీసాలో పని వేరు.
సంతకం పెట్టిన కాగితం అరబ్బీ. అలిఫ్ కూడా రాదు నాకప్పుడు.
పద్నాలుగో రోజుకి నా భుజం మీద సిమెంటు బస్తా.
తెగిన సీలుని ఎవరు తీసుకుంటారు వాపసు?

"ఏమైంది తమ్మీ?"
ఏం లేదక్కా, కంప్యూటర్ నిలిచింది.
రాసింది చదివి వినిపించాను. మూతి విరిచింది.
"గదేం షరతు! సీలు తెంపకుంట వాసనెట్ల తెలుస్తది?
తెంపినా తీస్కుంట అని రాయి."
నష్టం అక్కా.
"ఐతే ఐతది. నూనె నాదే గద."
రాశాను. ఇన్నేళ్ళలో అలాంటి వాక్యం
నేను కొట్టడం అదే మొదలు.

కొనేవాళ్ళ వివరాలు ఎట్లా దాస్తావు అని అడిగాను.
రూళ్ళ నోటుబుక్కు తీసింది.
పేరు, నంబరు, పక్కన చిన్న మాట.
ఒక్కటే కంటబడింది: "మందులు ఎక్కిచ్చినంక..."
మిగతాది చదివేలోపు అరచెయ్యి కప్పేసింది.
"గది నీకెందుకు?"

గోప్యత మీద నాలుగు పేజీల నమూనా ఉంది నా దగ్గర.
తెరవబోయినవాణ్ణి ఆగాను.
ఆ చెయ్యి ఇంకా తియ్యలేదు.

బయట వరసలో పాస్‌పోర్టు పోయినాయన దగ్గాడు.
ఆయన కాగితం బల్ల మీద పరిస్తే
అంచుకి నూనె అంటింది.
తుడిచాను. వాసన పోలేదు.