కంచి బస్సు

కీల్పాక్ ఆసుపత్రి, రెండో అంతస్తు.
మంగళ, శుక్రవారాలు
వరదయ్య రక్తం ఒళ్ళు విడిచి
సన్న గొట్టాల్లో ఊరు తిరిగి
నాలుగు గంటలకు ఇల్లు చేరుతుంది.

నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్న మనిషి,
ఊరికే పడుకోవడం చేతకాదు.
"ఏదన్నా చదువమ్మా" అంటాడు.
నా సంచీలో ఉన్నది మా పాప పుస్తకం,
మూర్ మార్కెట్ దగ్గర ఇరవై రూపాయలకు కొన్నది.
మొదటి పేజీ లేదు.
అనగనగా లేకుండానే మొదలవుతుంది రాజ్యం.

రాక్షసుడి ప్రాణం వాడి ఒంట్లో లేదు.
ఏడు సముద్రాల అవతల
చెట్టు తొర్రలో
చిలకలో ఉంది.

వరదయ్య మెల్లిగా తల తిప్పి
గుయ్‌మంటున్న మిషన్ను చూశాడు.
"నా చిలక ఇదిగో. మేత వేశావా?"

నవ్వి, బీపీ రాసుకున్నాను.
చిన్నప్పుడు ఆ చిలక మెడ విరిచినందుకు
రాకుమారుడికి చప్పట్లు కొట్టినదాన్నే.
ఇవాళ ఆ పేజీ నా గొంతు దాటలేదు.
గబుక్కున నక్క కథలోకి దూకాను.

"దొంగా, రాకుమారుడేడీ?"
"బస్సు దొరకలేదంట తాతా."

సాయంత్రం సూది తీసి దూది అదిమితే
ఒంటిచేత్తో గుండీలు పెట్టుకుంటూ అడిగాడు:
"కథ కంచికి, మనం ఇంటికి అంటారే,
మా ఇల్లే కంచిలో. నేనెటు పోను?"

కిటికీలోంచి చూశాను.
పూందమల్లి హైరోడ్డు మీద కదిలే బస్సు,
కడ్డీ పట్టుకున్న కట్టు చెయ్యి.

పేజీ మూల మడిచి పెట్టాను.
రాకుమారుడు ఇంకా చెయ్యి చాపి
తొర్ర ముందే నిలబడి ఉన్నాడు.
శుక్రవారం దాకా
ఉండనీ.