మూడో గడి

జెన్నెలో మట్టి మసీదు ఫోటో తీయాలంటే
కాగితం మీద మూడు ముద్రలుండాలన్నారు.

మొదటిది యాయా సినెంతా అనే గుమస్తాది.
ఇంకు ప్యాడు బీటలు వారింది.
టీ గ్లాసు అడుగున మిగిలిన నాలుగు చుక్కలు దాని మీద వంచి
అరచేత్తో అద్ది, దభీమని కొట్టాడు.
ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు కదా,
ఆయన అదే నా పేరనుకున్నాడు.
ఆ పూటంతా నేను మేడమ్ గుడిమెట్ల,
చచ్చిపోయిన ముత్తాతల్ని వెంటేసుకుని
బెంచీ మీద కూర్చున్నాను.
కారణం అన్నచోట 'ఇష్టం' అని రాస్తే
కొట్టేసి 'పర్యాటకం' అని దిద్దాడు.

రెండోది మేస్త్రీల పెద్దది.
మోకాలి లోతు బురద తొక్కుతున్నాడు,
వరి ఊక కలిపి పక్షం రోజులు పులియబెట్టిన బురద.
దోసెల పిండిని చూసినట్టు
వేలితో తీసి వాసన చూసి, తల పంకించి,
అదే వేలు నా కాగితం మీద నొక్కాడు.
"వచ్చే వారం కొత్త పూత.
నువ్వు తీసే గోడ లోపలికి పోతుంది.
తీసుకో, త్వరగా."

మూడో ముద్ర ఆసామి బమాకో వెళ్ళాడు.
వచ్చేది గురువారం. నా బస్సు బుధవారం.
దేవుడు వరమిచ్చినా... అన్న సామెత పెదవి దాకా వచ్చింది,
నిలబడ్డది మసీదు ముందు కదా, మింగేశాను.

సజ్జ బూరెలు వేయిస్తున్న దిక్కొరే
ఇదంతా చూస్తూనే ఉంది.
"డాబా నాది. ఎక్కు.
తీగ మీద బట్టలు మాత్రం కదపకు, తడివి."
దుబాసీ కుర్రాడు ఆమె నవ్వును కూడా అనువదించి
దానికి వేరే డబ్బులడిగాడు.

పైనుంచి అన్నీ కనిపించాయి.
గోడల్లోంచి పొడుచుకొచ్చిన తాటి మొద్దులు,
శిఖరాల మీద నిప్పుకోడి గుడ్లు.
అన్నిటికీ ముందు
గాలికి ఉబ్బుతూ ఆమె నీలం గుడ్డ.
కుడికి జరిగితే కుడికి. వంగితే కిందికి.
"తీయనా?" అని అడిగాను తెలుగులోనే, మరిచిపోయి.
గుడ్డనో ఫోటోనో నాకే తెలియదు.
ఆమె బూరె తిరగేస్తూ కింది నుంచి చెయ్యూపింది.
ఫోటో తీశాను.

"మసీదేది?" అంటారు చూసినవాళ్ళు.
నీలం వెనక, అంటాను.
కాగితం కూడా దాచాను.
టీ ముద్ర ఏటికేడాదీ మట్టిరంగుకు తిరుగుతోంది.
మూడో గడి ఖాళీగానే ఉంది.