తీయని సొట్ట

మూసాపేట మెట్రో పిల్లరు పక్కన
ఇరవై ఆరేండ్ల సంది సొట్టలు తీస్తున్న, పిల్లరు లేవకముందు సంది.
బానెట్టు, డోరు, మడ్‌గార్డు,
ఎవడు ఎవన్ని గుద్దిండో నాకు రేకే చెప్తది.
తాగి గుద్దిన సొట్ట వేరే,
భయపడి బ్రేకు తొక్కంగ పడ్డది వేరే.

గిడియన్ సారు వచ్చిననాడు ఆయనతోని కారు లేదు.
చంకల చుట్టిన డ్రాయింగు షీట్లు,
సంచిల అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న బుక్కు.
దానికి అట్ట లేదు, ఆ భాష ఆయనకూ రాదు.
మూతవడ్డ ఫ్రిజ్జుల కంపెనీల ముప్పై ఏండ్లు
గీతలు గీసిన మనిషి.
"ఈశ్వరయ్యా, మనిషికి బాడీ కట్టాలె" అన్నడు.
బస్సుకు కడ్తరు, లారీకి కడ్తరు,
మనిషికేంది సార్?
బొమ్మ చూపెట్టిండు.
నెత్తి నుంచి కాలి గోటిదాకా ఇనుము.
నాలుగు నూర్ల ఏండ్ల కింద ఏదో చలి దేశపోళ్ళదట.
గిండ్ల నిలవడితె ఉడికిపోరా అన్న.
"అక్కడ గూడ ఉడికిండ్రు" అన్నడు సారు.

రాణిగంజ్‌ల పదహారు గేజి రేకు తెచ్చినం.
మొదలు మోకాలి చిప్ప.
చింత మొద్దుల గుంత తొలిచి,
రేకును ఎర్రగ కాల్చి, బూడిదల పండవెట్టి,
చల్లారినంక గుండు సుత్తితోని
గట్టిగ ఒక్క దెబ్బ కాదు, మెల్లగ వెయ్యి దెబ్బలు.
జిందగీల మొదటిసారి
సాఫ్ రేకుకు నేను సొట్ట పెడ్తున్న.
చెయ్యి ఒప్పుకోలే.
మూడు చిప్పలు చీలినయి.
నాలుగోది సారు మోకాలికి పట్టింది గని
ఆయనను కూసోనియ్యలే.

సారు షీట్లల్ల తప్పు దేవులాడుతుండు.
నేను చాపల మార్కెట్ల నిలవడి
రొయ్య వీపు వంచి చూసిన, విప్పి చూసిన.
పెంకు మీద పెంకు. జారుతది, విడవది.
అమ్మేటామె కొంటవా కొనవా అని కసిరింది.
రివెట్టుకు గుండ్రటి తూటు కాదు, పొడుగు తూటు కావాలె!
పొద్దుగాల చెప్తే సారు బుక్కు తెరిచి వేలు పెట్టిండు.
ఆ పొడుగు తూటు బొమ్మల ఉండనే ఉన్నది,
మేమే మరక అనుకున్నం.

ఎదురొమ్ము పలకకు నాలుగు నెలలు.
ఇన్నోవా ఆయన రోజూ ఫోను: నా డోరేమాయె?
"ఈ ఇనుప అంగీ ఎవరు తొడుగుతరు" అని నా పెండ్లాం.
పెన్షను పడ్డనాడు సారు రెండు వేలు చేతుల పెడ్తడు,
లెక్క అడగడు, నేనూ చెప్పను.

ఒకనాడు బొమ్మల, గుండె పలక మీద
కుడి పక్కకు సొట్ట కనవడ్డది.
రూపాయి బిళ్ళంత.
నా పానం ఆగలే.
గింత పనిమంతుడు గిది తియ్యకుంట ఎట్ల ఇడిసిండు సార్?
ఎవరితోనో చదివించి రాసుకున్న కాయితం తీసిండు సారు.
"తీస్తె ఎవడు కొంటడు ఈశ్వరయ్యా?
చేసినోళ్ళే తుపాకి పెట్టి కాల్చి చూపెట్టేటోళ్ళు.
గుండు లోపలికి పోలేదని ఆ సొట్టే సాక్షి."

ఆ రాత్రి నిద్ర రాలే.
పుట్టీ రాసి, రంగు కొట్టి
ఏం కాలేదని ఎన్ని కార్లతోని
అబద్ధం చెప్పించిన్నో.

ఆదివారం పలక తయారైంది.
మా తాన తుపాకి యాడిది?
మొద్దుకు కట్టినం. మీరే కొట్టుండ్రి సార్ అన్న.
"నాది గీతల చెయ్యి" అని సుత్తి నాకే ఇచ్చిండు.

కొట్టిన.
పైన మెట్రో పోతున్నది, చప్పుడు అండ్ల కలిసిపోయింది.
పగల్లే.
కుడి పక్కకు, రూపాయి బిళ్ళ కన్న జర పెద్దగ.
సారు కండ్లద్దాలు తుడుస్తనే ఉన్నడు.
నా ఎడమ చెయ్యి మాత్రం
నన్ను అడగకుంట డాలీ అందుకొని
పలక వెనుక దిక్కుకు పోతున్నది.

ఆగు, అన్న దానితోని.