డేగ పాస్‌పోర్టు

పిట్టలకు సరిహద్దులుండయని
బడిల ఎవలో చెప్పిన్రు.
వాళ్లు గువైఫాత్ గేటు చూడలే.

రాత్రి మూడూ నలభై.
ముందట ముప్పై ట్రైలర్లు
ఇంజన్లు బందువెట్టి, పండుకున్న ఎడ్ల లెక్క.
నా పికప్పుల గుడారం గుంజలు, నీళ్ల డబ్బాలు.
పక్క సీట్ల కర్రపీట మీద
కండ్ల మీదికి తోలు టోపీ, బర్గ్.
బర్గ్ అంటె మెరుపట. కఫీల్ ఖల్ఫాన్ పెట్టిన పేరు.
మా తాతైతె సాళువ అనేటోడు,
ఆయనా చూసింది లేదు, కతలల్ల ఇన్నదే.

బర్గ్‌కు పాస్‌పోర్టుంది. నవ్వకున్రి.
పుట్టిన దేశం జర్మనీ.
కాలి కడెం మీద నంబరు.

ఖల్ఫాన్ ముందు బండిల ఉండె.
అద్దం సగం దించి చెయ్యి చాపిండు,
ఏటీఎం కార్డంత కార్డు.
నేను ఇరవై లెక్కవెట్టేలోపు
ఎర్ర లైట్లు ఇసుకల కలిసినయ్.
సౌదీ ఆయనకు పెరటి తలుపు.

ఆయన కొడుకు సయీద్ ఫ్రాన్సుల చదువుతడు.
స్ట్రాస్‌బోర్గ్. పలుకుతె నాలుక మడతవడ్తది.
పోయిన ఎండకాలం వంటింట్ల నిలవడి చెప్పిండు:
ట్రామెక్కిండట, నది దాటిందట,
అవుతల జర్మనీ అని
ఫోన్ల కంపెనీ మెసేజస్తె తెలిసిందట.
రొట్టె ఇటు కొంటరు, సిగరెట్లు అటు.
ఒక ముసలామె రోజూ ఇంకో దేశంల
కుక్కను తిప్పుకస్తదట.

ఇంకో మాట మెల్లగ చెప్పిండు.
ఈ నడుమ వంతెన కాడ పోలీసులెక్కుతున్నరట.
అరవై మంది ఉన్న డబ్బల
పాస్‌పోర్టడిగింది సయీద్‌నొక్కన్నే.
చెప్పుకుంట నవ్విండు గని
చాయ్ ముట్టలే.
నేను ఇంకింత చక్కెర ఏసిన.
ఏమంటం?

నా పాస్‌పోర్టు ఏడాదంత ఖల్ఫాన్ అల్మారల ఉంటది.
బార్డరచ్చిననాడె నా చేతికస్తది.
అందుకే, ఎవలన్న నవ్వినా సరే,
ఈ లైను నాకిష్టం.
సెల్‌ఫోన్ ఎలుగుల పేజీలు తిప్పుత.
మొదట ఎనిమిదేండ్ల కిందటి మీసం.
ఆఖరి పేజిల భార్య పేరు సత్తవ్వ.
తప్పు రాసిన్రు, సతావా అని.
సతావా ఎవలో నాకు తెల్వదు.
మెల్లగ పిలిస్తె మాత్రం
పక్క సీట్ల బర్గ్ రెక్క కదుపుతది.

కిటికిల పిల్ల ఆఫీసరు, గడ్డం ఇంక మొలుస్తనే ఉంది.
"ముందు డేగ" అన్నడు.
కడెం చూసిండు, కాయితం చూసిండు,
మాషాల్లా, టక్కున ముద్ర.
ఇగ నా ఏళ్లు.
గుడారం తాళ్లు గీతలన్ని తినేసినయ్,
మిషిన్ ఎర్రగైంది.
లాగుకు తుడిసిన. ఎర్రగనే.
తలనూనెకు రాసిన. ఎర్రగనే.
"ఇదెంత బరువు?" ఊసుపోక అడిగిండు.
తొమ్మిది వందల యాభై గ్రాములు, సార్.
"జర్మనీ చూసినవా?"
లేదు సార్. ఇది గూడ చూడలే,
పెట్టెల అచ్చింది.
నవ్విండు. ఎడమ బొటనేలు పెట్టమన్నడు.
పచ్చగైంది.

అవుతల పెట్రోల్ పంపు కాడ
ఖల్ఫాన్ బండి దిగి నిలవడ్డడు.
రెండు చేతులు చాపిండు,
తోలు తొడుగున్నది డేగకు,
ఒట్టిది నా పాస్‌పోర్టుకు.
ఏది ముందియ్యాల్నో తోచక
జరసేపు ఆగిన.

పందొమ్మిదో తారీఖు వాపసు.
అప్పటికి లైను పెద్దగుండాలె.