దారం కొరికే చోట

మొదట నీలిరంగే అనుకుంటి.
రాయదుర్గంలో జీన్స్ కుట్టేదాని ఒంట్లో
నీలం అంటని చోటు యాడుంది?
గోళ్ళ సందుల్లో, ముక్కుపుల్ల కింద,
ఒక్కోనాడు సంగటి ముద్ద మీద కూడా.
కింది పెదవి ఎడమ పక్క
ఆవగింజంత మచ్చ.
సున్నిపిండితో రుద్దితి,
నిమ్మచెక్కతో మండించుకుంటి.
పెదవి వాచింది గాని
మచ్చ కదల్లే,
బాడుగ ముందే కట్టిన మనిషి మాదిరి.

వీధికి నోరుంది కదా.
దొంగతనంగా బీడీ తాగుతాందేమో అనె గంగరత్నమ్మ.
నిద్రలో బల్లి పడిందేమో అనె మాయత్త.
ఎవురో కొరికినారని
కాజాలు కొట్టే పిల్లోల్లు
మిషన్ల సప్పుడు చాటున నవ్విరి.
తిప్పేస్వామి ఏమీ అనలే.
ఏమీ అనకుండానే ఒక రాత్రి
ట్యూబులైటు కింద నా గదమ పట్టుకొని
అటు తిప్పి ఇటు తిప్పి చూసె.
ఆ చూపు
చానా దినాలు ఉతికినా పోలే.

పక్క మిషను హొన్నూరమ్మ
ఒక దినం కూలి ఇడిసి నన్ను బస్సెక్కించె.
అనంతపురం పెద్దాసుపత్రి, మూడో వరస, చీటీ నంబరు అరవై ఒకటి.
డాక్టరమ్మ నా కూతురంత పిల్ల.
దీపం ఉన్న చిన్న అద్దం పెదవికి ఆనించి
ఒక కన్ను మూసి చూసె,
నేను సూదికి దారం ఎక్కించేటప్పుడు మూసినట్టే.

చిన్నప్పటినుంచీ ఉందా? నోటి లోపల ఇంకేమైనా ఉండాయా?
ఇంట్లో ఎవరికైనా? కడుపునొప్పి వస్తుందా? ఏం మాత్రలు మింగుతావు?
ఎండలో పనిచేసినావా?
చేసినా తల్లీ, పెండ్లికి ముందర చెనిక్కాయ చేన్లలో.
తలకు గుడ్డ చుట్టుకుంటిమి,
పెదవులకేం చుట్టుకుంటాం?

చర్మానికి రంగిచ్చే కణాలుంటాయంట.
ఒక్కోచోట అవి ఎక్కువ పని చేస్తాయంట.
ఓవర్‌టైమా, అంటి.
పిల్ల నవ్వె. నవ్వినాక మళ్ళీ డాక్టరాయె.
"ఎందుకొచ్చిందో గట్టిగా చెప్పలేనమ్మా.
ఎండ కావచ్చు. ఒకే చోట కొరుకుతుండడం కావచ్చు.
ఏ కారణమూ లేకనే కావచ్చు.
పెరిగినా, అంచు చెదిరినా, రంగు మారినా,
రక్తమొచ్చినా, పుండై మానకపోయినా
ఆ దినమే రా.
లేదంటే దాని బతుకు దాన్ని బతకనీ."

ఏ కారణమూ లేకనే.
ఆ మాటను కొంగున కట్టుకుంటి.
తప్పు చేయని మనిషికీ మచ్చ పడుతుందని
చదువుకున్న నోరొకటి చెప్పింది,
మా వీధి అంతా ఆ గదిలో ఉండింటే బాగుండు.

కళ్యాణదుర్గం దాటినాక
గాలిమరలు నిదానంగా తిరుగుతాండె.
నాలుకతో పెదవి తడుముకుంటే
అప్పుడు తెలిసె. ఆ పక్కనే.
పదకొండేండ్లుగా దారం కొరికేది ఆ పక్కనే.
ఆరు మిషన్లకు ఒక కత్తెర,
అదీ రుద్రముని బల్లకు గొలుసేసి.
లేచిపోయి తెచ్చుకుంటే నిమిషం పాయె,
నిమిషం పోతే ప్యాంటు పాయె.
"పండ్లుండాయి కదమ్మా" అనేటోడు.
ఉండాయి. ఉంటే మాత్రం?

ఇంట్లో ఆయప్ప "ఏమనిరి" అనె.
భయం లేదనిరి, అంటి.
చెయ్యి గదమ దాకా వచ్చె.
పట్టనీలే.

తెల్లదారం మచ్చ మీద పెట్టి కొలిచి
రెండు కొసలకూ ముడేసి
బాబిన్ల డబ్బాలో దాచినా.
నెలకొకసారి, అద్దం ముందర.
ఆరు నెలలాయె, ముళ్ళ నడుమ దూరం అట్లే ఉంది.

మొన్న సంతలో చిన్న కత్తెర కొన్నా,
తాడు కట్టి మెడలో వేసుకున్నా.
అయినా ప్యాంటు చేతిలో తిరిగే జోరులో
దారం తెగాల్సినప్పుడు
ముందర నోరే పోతాంది.