పదమూడా, పద్నాలుగా

డీజిలు తాగుతాంది, డీజిలు తాగుతాంది అని
మూడు మార్లు వచ్చినావు ఉరుకుందప్పా.
పంపు ఇప్పినాను.
నాజిళ్లు కర్నూలుకు పంపి టెస్టు చేపిచ్చినాను.
ఎయిర్ ఫిల్టరు దులిపితే
ఆదోని మిల్లుల దూది పిడికెడు రాలింది, అంతే.
బండికి రోగం ల్యా.
ఇంజను నీకన్నా నిమ్మళంగా ఉంది.

నిన్న చాయ్ ఊదుకుంటా నువ్వొగ మాట అన్నావు చూడు,
"గుంతకల్లు పాత సామాన్లల్లో హౌసింగు తెచ్చి ఏసినప్పటినుంచి
బండి యేడవకుండా పోతాంది నబీసా" అని,
ఆ మాట రాత్రంతా నన్ను పండుకోనీలే.
యేడ్చే బండి ఊరికే యేడుపు మానదు.

పొద్దున్నే నీ జీపు ఎమ్మిగనూరు రోడ్డుకు తోలినా.
ఒగ రాయికాడ మొదలుపెట్టి పది రాళ్లు దాటినా.
ఒగదానికి సున్నం ల్యా,
ఇంగొగటి ఎనుములు వీపు రుద్దుకొని పక్కకు వొరిగింది.
వొరిగినా రాయి రాయే.
పది రాళ్లకు నీ మీటరు
ఎనిమిదిన్నర తిరిగింది.

షెడ్డుకొచ్చి ఒగ చక్రం జాకీ మీద లేపినా,
ఇంగొగటి నేలమీదే.
షాఫ్టు మీద సుద్దతో గీత.
రెండు సుట్లు తిప్పు రా మాబుసుబానీ, ఒగటి కాదు,
జతలో ఒగటి నిలబడిపోతే
తిరిగేది రెండింతలు తిరగల్ల,
ఇండ్లల్లోనూ అంతే.
గీత నాలుగు మార్లు పైకొచ్చింది,
అయిదోసారి సగం దాటి నిలబడింది.
జిడ్డు గోకితే బిళ్ల మీద అంకెలు:
నలభై ఒగటికి తొమ్మిది.
ఇరిగిపోయిన నీ పాతది
నలభై మూడుకు ఎనిమిది.

అదప్పా సంగతి.
చక్రం ఎప్పటి మాదిరే తిరుగుతాంది, షాఫ్టు తక్కువ తిరుగుతాంది.
మీటరు కేబులు షాఫ్టు చెప్పిందే వింటాది,
రోడ్డును చూసింది ల్యా దాని జన్మలో.
ఎనక చక్రాలే లాగే జీపు గాబట్టి బతికిపోయినావు,
ముందూ ఎనకా లాగేదైతే
రెండు ఇరుసులూ తలా ఒగ లెక్క చెప్పి
నడిమద్దెన గేర్లు నమిలేసుండేవి.

డీజిలు ఎక్కువేం తాగలే.
నువ్వు పోయినదాన్నే తక్కువ రాసుకున్నావు.
పశువుల ఆస్పత్రోళ్లు నీకిచ్చేది కిలోమీటరు బాడుగ.
ఆలూరు, హొళగుంద, కౌతాళం,
ఐసు డబ్బాలో గాలికుంటు టీకాలు పెట్టుకొని
నూరు పోతే ఎనభై అయిదుకు సంతకం పెట్టినావు
ఎనిమిది నెలలు.
కాగితం మీద ఏసి చూపియ్యమంటావా?
వద్దులే, అన్నం దిగదు.

ఆ కిలోమీటర్లు యాడికి పోయినాయంటే
యాడికీ పోలే.
టైర్లకు తెలుసు. నీ నడుముకు తెలుసు.
రాసే పుస్తకానికే తెలీదు.

ఇప్పుడు గేరుబాక్సు తోకకాడ
బొటనవేలంత తెల్ల నైలాను గేరుంది, పదహారు పండ్లది.
దాన్ని మార్చల్ల.
లెక్క కడితే పదమూడున్నర పండ్లు కావాలంటాది.
అర పన్ను!
పసిబిడ్డ నోట్లో చూసినా గానీ
గేరు మీద నేనెన్నడూ చూడలే.
పదమూడు ఏస్తే నూరుకు నూటనాలుగు చూపిస్తాది.
పద్నాలుగు ఏస్తే తొంభైయేడు.

తెలుసు, నువ్వేమంటావో.
పదమూడే ఏయి నబీసా, పాత బాకీ వసూలైతాది అంటావు.
మీటరుకు బాకీలు గుర్తుండవప్పా.
బాకీ తీరిన దినం అది నిలబడుతుందా?
తిరుగుతానే ఉంటాది నాలుగు నాలుగు కలుపుకుంటా,
ఆపమని చెప్పేదానికి నువ్వు రావు,
నీ మొగం నాకు తెలీదా.

పద్నాలుగు ఏస్తాండా.

అలగొద్దు, ఇంగొగటి విను.
మొన్న ఏసిన టైర్లు కొత్తవి.
అరిగేకొద్దీ చక్రం చిన్నదైతాది,
చిన్నదయ్యేకొద్దీ ఎక్కువ తిరుగుతాది,
ఆ తక్కువైన మూడూ ఇంతింత పూడుకుంటా వస్తాది.
టైర్లు నున్నగా గుండయ్యేనాటికి
నీ మీటరు రాయికి రాయి నిజం చెప్తాది.

ఆ వారమే వస్తావు నువ్వు,
నబీసా, బ్రేకు పట్టడంలే,
కొత్త టైర్లు యెయ్యి అని.