రెండో గడి

పెకలోంగన్ బజారు చివర, చేపల వరస దాటాక
నాదొక ఫోన్ల దుకాణం.
పగిలిన తెరలు మారుస్తాను.
అక్షరం రాని వాళ్ళకి ఫారాలు నింపిపెడతాను,
ఒక్కోదానికి రెండు వేల రుపియాలు,
వేయించిన అరటిపండు ఖరీదు.

ఇవాళ వాగియెమ్ వచ్చింది.
గోళ్ళ సందుల్లో నీలిరంగు,
మోచేతుల దాకా బాతిక్ మైనం వాసన.
ఫోను బల్ల మీద పెట్టి
"ఇది నన్ను ఒప్పుకోవట్లేదు, దార్యో" అంది.

మొదటి గడిలో పేరు.
రెండో గడిలో ఇంటిపేరు.
ఆమెకున్నది ఒక్కటే.
అయిదు రోజుల జావా వారంలో
వాగె నాడు పుట్టింది కాబట్టి వాగియెమ్.
బొడ్డు కోసేలోపే పేరు తయారు.
వాళ్ళమ్మకీ ఒక్కటే,
మొగుడి సమాధి పలక మీదా ఒక్కటే.
ఖాళీ గడి ఎర్రబడి అంటోంది:
దయచేసి మీ అసలు పేరు రాయండి.

ఆమె నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

ఆమె రెండో పేరు నాకు తెలుసు.
నిరుడు వానల్లో ఈ బల్ల మీదే
నేనే పెట్టాను: సాయంకాలపు వాన.
ఆ పేరుతో ఆమె చెబుతూ పోయింది,
నేను కొడుతూ పోయాను.
సోమవారం నది ఎరుపు, గురువారం ఊదా.
రాత్రి రెండింటికి గొట్టం తెరుచుకునేది
ఏ కార్ఖానా వెనకాలో.
ఎవరి బాతులు ఎన్ని తేలాయో,
లెక్క తప్పకుండా.
ఊరంతా చదివింది.
సీసాలు పట్టుకుని అధికారులొచ్చారు.
పైన ఉన్న పేరొక్కటే అబద్ధం,
కింద ఒక్క మాటా కాదు.

కార్ఖానా యజమాని మేనల్లుడు
ఛార్జరు కొనే వంకతో వచ్చి అడిగాడు:
"ఆ వాన ఏ ఇంటిది?"
"వానకి ఇల్లుంటుందా బాబూ" అన్నాను.
ఆ పూట నేను మంచివాణ్ణనుకున్నాను.

"మంచి పనే చేశార్లే,
ఇక అందరూ సొంత పేరే పెట్టాలట" అంటోంది వాగియెమ్.
"మా పిల్ల నిశ్చితార్థం ఫోటో కింద
ఊరూ పేరూ లేనివాడొకడు రాశాడే,
అది చదివాక మూడు నెలలు గుమ్మం దాటలేదది.
వాడి మొహం చూడాలి నాకు.
కొట్టడానిక్కాదు.
ఊరికే, చూడ్డానికి."

నా వేలు తెర మీద ఆగిపోయింది.

ఆ పిల్లని నేనడిగాను ఒకప్పుడు.
కాదంది. మర్యాదగానే అంది.
ఆ ఫోటో చూసిన రాత్రి షట్టరు దించి, దీపమార్పి
ఎవరో బాగుచెయ్యమని ఇచ్చిన ఫోనులోంచి
ఏడు మాటలు రాశాను.
ఏడే.
తెల్లారి అద్దం తుడిచి, కొత్త గాజు అతికించి
ఫోను సొంతదారుకి ఇచ్చేశాను.
టైము గుర్తుంది నాకు.
రాత్రి రెండు దాటింది.

పేరు పెట్టడమంటే
తప్పు పట్టడం కూడా కదా మన మాటల్లో.
ఆమెకి నేను పేరు పెట్టాను,
ఆమె కూతురికీ పెట్టాను.
నాకు పెట్టేవాళ్ళే ఇంకా రాలేదు.

"ఏం రాయను రెండో గడిలో?" అన్నాను
నేల చూస్తూ.
"ఉన్నదే మళ్ళీ రాయి.
వాడికి రెండు కావాలంటే
ఒకటే రెండుసార్లు ఇద్దాం."
వాగియెమ్ వాగియెమ్.
ఎరుపు పోయింది. స్వాగతం అంది తెర.

డబ్బులొద్దన్నాను.
వినలేదు. నీలి వేళ్ళతో రెండు నోట్లు లెక్కపెట్టి
నా స్క్రూడ్రైవరు కింద పెట్టింది.
గొడుగు విప్పబోతూ వెనక్కి తిరిగి
"మరి నీది నింపుకున్నావా?" అంది.

"ఇంకా లేదు."

"శుక్రవారం ఆఖరట" అంది,
బురద తప్పించుకుంటూ వెళ్ళిపోయింది.